క్లిప్పు లేకుండా రెండు సెకన్లు

కళ్లద్దాల షాపు వెనక గదిలో అరవైమూడు సెట్లు ఉన్నాయి. అన్నీ బొమ్మకార్ల పందేల్లో వాడిన పాత ట్రాన్స్‌మిటర్లే. కార్లు మాత్రం మూడే. గదిలోకి వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే, కార్లు లేకుండా రిమోట్లు ఏం చేసుకుంటావని. షాపాయన దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది.

"కారు గోడకు గుద్దుకుని పోతుంది. చేతిలో ఉన్నది మిగులుతుంది."

ఆయన భార్య మాట వేరు. "అరవైమూడు మంది సవతులు నాకు. ఒక్కతీ గిన్నె కడగదు."

షాపు కింద, ఇల్లు పైన. ఆయన కళ్లు పరీక్షించి అద్దాలు అరగదీస్తాడు. ఆమె ఫ్రేములు ముఖానికి సరిపోయేలా వంచుతుంది. ఆదివారం షాపు మూస్తారు. భోజనం అయ్యాక ఆయన వెనక గదిలోకి వెళ్లి అల్మారాలోంచి ఒక సెట్టు తీసి బల్ల ముందు కూర్చుంటాడు. ఏరియల్‌ను ఒక్కొక్క గొట్టం చొప్పున లాగుతాడు. స్విచ్చి నొక్కితే మీటరు ముల్లు లేచి ఆకుపచ్చ గీత దాకా వెళుతుంది. రెండు బొటనవేళ్లూ రెండు స్టిక్కుల మీద పెడతాడు. ఎడమది వేగానికి, కుడిది మలుపుకు. వదిలితే స్ప్రింగు వాటిని మధ్యకు లాగేస్తుంది. ఆ శబ్దం ఒక్కో సెట్టుకు ఒక్కో రకం. కళ్లు మూసుకుని కూడా ఏది ఏదో చెప్పగలడు.

పాత యజమాని ఎలాంటివాడో సెట్టే చెబుతుందని ఆయన అంటాడు. ఎడమ స్టిక్కు కింది అంచు అరిగితే బ్రేకు మీద బతికినవాడు. స్టిక్కు పక్కన చిన్న మీట ఉంటుంది. కారు ఒక పక్కకు లాగుతుంటే దాన్ని రెండో పక్కకు కాస్త జరిపి సరిచేసుకుంటారు. ఆ మీటను ఎవరు ఎక్కడ వదిలారో ఆయన అక్కడే ఉంచుతాడు. తుడిచేటప్పుడు కూడా వేలు తగలనివ్వడు.

ఏ సెట్టు చేతికొచ్చినా మొదట చేసే పని మాత్రం ఒకటే. వెనక మూత తీసి క్రిస్టల్ రంగు చూస్తాడు. చెప్పులు విప్పకముందే చూస్తాడు.

క్రిస్టల్ అంటే గోరంత రేకు ముక్క. రెండు కాళ్లు, నెత్తిన రంగు టోపీ. సెట్టు ఏ చానల్లో మాట్లాడాలో అదే నిర్ణయిస్తుంది. దాని జోడీ కారులో ఉంటుంది. రంగులు ఆరే. ఒకే రంగు సెట్లు రెండు ఒకేసారి ఆన్‌లో ఉంటే కారు ఇద్దరి మాటా వింటుంది, అంటే ఎవరి మాటా వినదు.

అందుకే పందెం జరిగే చోట ఒక బోర్డు పెట్టేవారు. బోర్డుకు ఆరు బట్టల క్లిప్పులు, ఒక్కోదానికి ఒక్కో రంగు. నీ రంగు క్లిప్పు తీసి చొక్కాకు పెట్టుకున్నాకే స్విచ్చి ముట్టుకోవాలి. క్లిప్పు లేకపోతే ఎవరో నడుపుతున్నారని అర్థం, నువ్వు ఆగాలి. అక్కడ ఇంకో నియమం లేదు.

ముప్ఫై ఒక్కేళ్ల కిందట, ఒక ఆదివారం, గోడౌన్ ఆవరణలో ఆయన ఆ నియమం తప్పాడు.

షెడ్డులో బల్ల దగ్గర ఉన్నాడు. కారు ముందు చక్రాలు తిప్పే మోటారు బిగుసుకుంది. తిరుగుతుందో లేదో చూడాలి. ఆయన క్రిస్టల్ పసుపు. పసుపు క్లిప్పు నలభై అడుగుల దూరంలో, ఎండలో, బోర్డు మీద ఉండాలి. ఉందో లేదో ఆయన చూడలేదు. రెండు సెకన్లేగా అనుకున్నాడు. ఏరియల్ కూడా లాగకుండా స్విచ్చి నొక్కాడు. చక్రాలు తిరిగాయి. ఆపేశాడు.

అప్పుడే బయట కేక వినిపించింది.

ఆయన బయటికొచ్చేసరికి ఒక కారు టైర్ల వరస దాటి గేటులోంచి రోడ్డు మీదికి పోతోంది. దాని యజమాని సెట్టును నడిపేవాళ్లు నిలబడే చెక్క మీద పెట్టి కారు వెనక పరిగెత్తుతున్నాడు. ఆయనకు ప్రాణస్నేహితుడు. గేటు దాటాక లారీ.

కారు లారీ కింద నుజ్జయింది, స్నేహితుడు అక్కడే పోయాడు. సెట్టు చెక్క మీద మిగిలింది. దాన్ని ఇంట్లో ఇచ్చిరమ్మని ఎవరో ఆయన చేతిలోనే పెట్టారు. బస్సులో ఇరవై నిమిషాలు అది ఆయన ఒళ్లో ఉంది. స్నేహితుడి దగ్గర రెండు జతల క్రిస్టళ్లు ఉండేవి, ఎరుపూ పసుపూ. బోర్డు మీద ఏ రంగు క్లిప్పు ఉంటే సెట్టులో ఆ రంగు క్రిస్టల్ పెట్టుకునేవాడు. ఆ రోజు ఏది పెట్టాడో తెలియాలంటే మూత తీస్తే చాలు. ఆయన తీయలేదు. స్నేహితుడి తల్లికి అప్పజెప్పాడు. ఆమె దాన్ని ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టింది. తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు.

మూడేళ్లకు ఆ ఇంటి అమ్మాయిని ఆయన పెళ్లి చేసుకున్నాడు. బతికున్నప్పుడు స్నేహితుడు, పోయిన మూడేళ్లకు బావ అయ్యాడు.

అత్తగారు ఈ ఏడాది మొదట్లో పోయింది. ట్రంకు పెట్టె కూతురికి వచ్చింది. ఆమె బట్ట చుట్టిన సెట్టును తెచ్చి వెనక గదిలో బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, మీ అరవైనాలుగోది. దీనికి బేరం కూడా ఆడక్కర్లేదు."

ఆయన బట్ట విప్పకుండానే దాన్ని పై అరలో పెట్టాడు. మూడు వారాలు గడిచాయి.

బల్ల మీద ఒక కారు ఎప్పుడూ ఉంటుంది. కింద చెక్క ముక్క పెట్టి చక్రాలు గాల్లో ఉండేలా నిలబెట్టాడు. దానిలో పసుపు క్రిస్టల్ ఉంది. ఆదివారాలు గదిలో కూర్చున్నంతసేపూ దాని స్విచ్చి ఆన్‌లో ఉంచుతాడు. ఎదురుగా సెట్టేదీ ఆన్‌లో లేకపోయినా ఉండి ఉండి ముందు చక్రాలు అటో ఇటో తిరుగుతాయి. కారణాలు ఆయనకు తెలుసు. ట్యూబులైటు, పక్క సందులో వెల్డింగు, దారిన పోయే బండి. గాల్లో ఏ చప్పుడున్నా అది వింటుంది. వెల్డింగు షాపుకు కూడా ఆదివారం సెలవని ఆయనకు తెలుసు. ఆ చక్రాలు తిరిగినప్పుడు చేతిలో పని ఆపి అవి నిలిచేదాకా చూస్తాడు. ఒకసారి "చెప్పు" అన్నాడు. ఆ తర్వాత గది తలుపు వేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

మూడో ఆదివారం గడియారాలాయన వచ్చాడు. పాత స్నేహితుడు, గడియారాలు బాగుచేస్తాడు. ఆ రోజుల్లో క్లిప్పుల బోర్డు చూసుకున్నది ఇతనే. పై అరలో మూట చూశాడు.

"అది వాడిదేనా?"

"ఊఁ."

"తెరిచావా?"

"తీరిక దొరకలేదు."

"ఎవరికి చెబుతావురా? పోయిన నెల ప్లాట్‌ఫాం మీద నిలబడి ఒక సెట్టు మూత ఊడదీశావు. రైలెక్కడం కూడా మరిచిపోయావు. ఇప్పుడు తీరిక లేదట."

బల్ల మీద కారు చక్రాలు ఎడమకు తిరిగి, నెమ్మదిగా తిన్నగా అయ్యాయి.

"దాన్ని ఆపరా బాబూ," అన్నాడు గడియారాలాయన. "అది అలా తిరిగినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది."

"ఆ రోజు వాడు ఏ క్లిప్పు తీసుకున్నాడు? నీకేమైనా గుర్తుందా?"

ముప్ఫై ఒక్కేళ్లలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. గడియారాలాయన కుర్చీ వెనక్కి వంచాడు.

"నేను చాయ్ తాగడానికి వెళ్లాన్రా. తిరిగొచ్చేసరికి అందరూ గేటు వైపు పరుగు. ఎవడి కాలు తగిలిందో, బోర్డు కిందపడింది. వాడి చొక్కాకున్నది చూసే ఓపిక, కిందపడ్డవి ఏరే ఓపిక ఎవడికుంది ఆ టైములో? మర్నాడు గోడౌన్ వాళ్లు ఊడ్చేశారు. ఇప్పుడెందుకు? ఏదో డిస్టర్బెన్స్ వచ్చుంటుంది. ఆ కాలం సెట్లకు అది మామూలే."

"మామూలే," అన్నాడు ఆయన.

గడియారాలాయన వెళ్లిన కాసేపటికి భార్య చీపురుతో వచ్చింది. పై అర కింద తెల్లటి పొడి రాలి ఉంది. వేలితో అద్ది చూసింది.

"మూటలోంచి ఏదో రాలుతోంది."

"బ్యాటరీలు కారి ఎండిపోయుంటాయి. పాతవి కదా."

"మరి తీసి తుడవండి. దారిన పోయేవాడి రిమోటైతే ముందు తుడిచి తర్వాత అన్నం తింటారు. మా అన్నయ్యదైతే మూడు వారాలుగా పైన కూర్చోబెట్టారు. మీరు తీయకపోతే చెప్పండి, గడియారాలన్నయ్యను వెనక్కి పిలుస్తాను."

"నేనే తీస్తాను. నువ్వు పైకి వెళ్లు."

"ఎందుకు వెళ్లాలి? అది మా అన్నయ్యది." స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయన మూట దించాడు. బట్ట విప్పాడు. నల్ల సెట్టు, రెండు స్టిక్కులు. కుడి స్టిక్కు పక్కన మీట ఎడమకు మూడు గీతలు జరిగి ఉంది. సెట్టును బోర్లా తిప్పాడు. బ్యాటరీలకూ క్రిస్టల్‌కూ కలిపి ఒకే మూత. మూత అంచు చుట్టూ తెల్లగా పెచ్చు కట్టింది. ఆ పెచ్చు ఎక్కడా పగల్లేదు. అంటే అప్పట్నుంచి దీన్ని ఎవరూ తెరవలేదు. అత్తగారు కూడా.

ఫ్రేము స్క్రూలు విప్పే సన్న స్క్రూడ్రైవరు తీసుకుని అంచు వెంట గీకాడు. పావుగంట పట్టింది. మూత ఊడింది. ఎనిమిది బ్యాటరీలూ ఒకే ముద్ద అయ్యాయి. క్రిస్టల్ పెట్టే గూడు నిండా తెల్ల పెచ్చు. టోపీ రంగు కనిపించడం లేదు.

"ఏం చూస్తున్నారు అంతగా?"

"క్రిస్టల్."

"అదేంటి?"

"చెబుతాను. వెనిగర్ ఇలా ఇవ్వు."

దూదిపుల్ల వెనిగర్‌లో ముంచి పెచ్చు మీద పెట్టాడు. నురగ వచ్చింది. తుడిచాడు. మళ్లీ పెట్టాడు. పెచ్చు ఒక మూల కరిగింది. దాని కింద కనిపించింది పసుపు కావచ్చు, మురికి కావచ్చు. కొత్త దూదిపుల్ల తీసుకున్నాడు. రోజూ కుర్చీలో కూర్చున్నవాళ్లను ఇదా, ఇదా, ఏది బాగా కనిపిస్తోందని అడిగే మనిషి దీపం దగ్గరికి లాక్కుని, కంటికి భూతద్దం పెట్టుకుని, ఆ మూల ఏ రంగో చెప్పలేకపోయాడు.

ఆమె దూదిపుల్ల డబ్బా ముందుకు జరిపింది.

ఐదో పుల్లకు పెచ్చు మొత్తం ఊడింది. టోపీ ఎరుపు.

ఆయన క్రిస్టల్‌ను పట్టకారుతో లాగి రేకు మీద అంకెలు చదివాడు. 27.045. ఎరుపు చానల్ అంకె అదే. పసుపుది 27.145. ఒక్క అంకె తేడా. మూడుసార్లు చదివాడు. నాలుగోసారి వేలితో అంకెల మీద రాసి చూశాడు. మారలేదు.

"నేను కాదు," అన్నాడు.

"ఏంటి, మీరు కాదంటే?"

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. ఏమీ లేదనొచ్చు. ఆమె ఇంకోసారి అడిగేది కాదు. అలా వదిలేయడం ఆ ఇంట్లో ఇద్దరికీ అలవాటే. బల్ల మీద కారు చక్రాలు కుడికి తిరిగాయి. ఆయన వాటి వంక చూశాడు. అన్నేళ్లు దాన్ని పసుపు మీద ఉంచి కూర్చున్నాడు. బావ పసుపు మీద లేడు. మరి ఇన్నాళ్లూ ఈ చక్రాలు తిప్పుతున్నది ఎవరు? చెయ్యి చాపి కారు స్విచ్చి ఆపేశాడు. చక్రాలు కుడికి తిరిగి ఉండగానే ఆగిపోయాయి.

అప్పుడు చెప్పాడు. షెడ్డు, బల్ల, బిగుసుకున్న మోటారు, నలభై అడుగుల దూరంలో బోర్డు, రెండు సెకన్లు, కేక. బస్సులో ఇరవై నిమిషాలు. మొత్తం చెప్పడానికి ఒక మనిషి కళ్లు పరీక్షించేంత సేపు కూడా పట్టలేదు.

"నా వల్లే పోయాడనుకున్నాను. వాడిది కూడా పసుపే అయ్యుంటుందనుకున్నాను. ఇదిగో, చూడు, ఎరుపు. నా సెట్టుకు వాడి కారుతో సంబంధమే లేదు."

ఆమె పట్టకారు అందుకుని క్రిస్టల్‌ను దీపం కింద చూసింది. తిప్పి చూసింది. బల్ల మీద పెట్టింది.

"ముప్ఫై ఒక్కేళ్లు," అంది.

"ఊఁ."

"అన్నయ్య పోయిన రెండో రోజు మీరు మా ఇంటికొచ్చి వంటింట్లో కుళాయి బాగుచేశారు. అమ్మ అడగలేదు. నేనూ అడగలేదు. మరుసటి వారం కిటికీ గడియ. ఆ తర్వాత ఫ్యాను. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లడం మీరే, తీసుకురావడం మీరే. ఆరు నెలలయ్యేసరికి మా ఇంట్లో చెడిపోవడానికి వస్తువే మిగల్లేదు. నేనేమనుకునేదాన్నో తెలుసా?"

ఆయనకు తెలుసు.

"ఈయన కుళాయి కోసం రావట్లేదు, నా కోసం వస్తున్నాడనుకునేదాన్ని. ఒకసారి నేనే ఆ కుళాయి వాషరు పీకి దాచాను, మీరు వస్తారని." నవ్వబోయి ఆగింది. "ఒకటి అడుగుతాను. ఇది ఎరుపని ఆ రోజే, బస్సులోనే తెలిసుంటే, మా ఇంటికి వచ్చేవారా?"

"వచ్చేవాణ్ణి."

"ఎన్నిసార్లు?"

ఆయన మూత చేతిలోకి తీసుకుని దాని అంచు చూశాడు. మళ్లీ కింద పెట్టాడు.

"ఒకసారి."

ఆమె తల ఊపింది. చీపురు తీసుకుని గోడకు ఆనించి మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆయన బ్యాటరీల ముద్దను కాగితంలో చుట్టాడు. రేకులకు పట్టిన చిలుము వెనిగర్‌తో తుడిచాడు. చేతులు అలవాటు మీద పనిచేశాయి. పైన ఆమె అడుగులు వినిపించాయి. ఆ ఇంట్లో ఏ అడుగు ఎక్కడికో ఆయనకు తెలుసు. ఇది పొయ్యి దగ్గర, ఇది కిటికీ దగ్గర, ఇది మంచం దగ్గర. ఈసారి అడుగులు ముందు గది మధ్యకు వచ్చి ఆగాయి. అక్కడ కుర్చీ లేదు, బల్ల లేదు, నిలబడటానికి కారణమేదీ లేదు. ఆయన చెయ్యి ఆపి విన్నాడు. ఆ అడుగులు చాలాసేపు కదల్లేదు. పైన ఎవరూ లేరేమోనన్నంతగా కదల్లేదు.

ఆయన చేతులు కూడా కడుక్కోకుండా పైకి వెళ్లాడు.

ఆమె గది మధ్యలోనే ఉంది. కిటికీలోంచి ఎండ పడుతోంది.

"ఇంకేమైనా ఉందా నాకు చెప్పనిది?" అంది.

"లేదు."

"ఉంది. ఆ రోజు సంగతి నాకెవరూ చెప్పలేదు. అమ్మ చెప్పనివ్వలేదు. పెళ్లయ్యాక మిమ్మల్ని రెండుసార్లు అడిగాను, మీ ముఖం చూసి ఊరుకున్నాను. ఎంత బాధపడుతున్నాడో అనుకున్నాను. మీ బాధ వేరని నాకేం తెలుసు?" గొంతు పెంచలేదు. "మా అన్నయ్యను ఆఖరిసారి చూసింది మీరు. మీ రెండు సెకన్లు విన్నాను, చాలు. వాడి సంగతి చెప్పండి. వాడు ఏం చేస్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏ చొక్కా వేసుకున్నాడు. అంతా మొదట్నుంచి."

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. వెతుక్కోనక్కర్లేదు. ఆ దృశ్యం ఏ రోజూ దూరంగా పోలేదు. గేటు, ఎండ, పరిగెత్తే మనిషి వీపు.

"నీలం చొక్కా," అన్నాడు. "చేతులు మోచేతుల దాకా మడిచాడు. వెనక నుంచి చూశాను. గేటు దగ్గర ఒకసారి..."

"ఆగండి."

ఆయన కళ్లు తెరిచాడు.

"నీలం చొక్కా కాదు," అంది ఆమె. "వాడికి ఉన్నది ఒక్క నీలం చొక్కా. ఆ పొద్దున నేనే ఉతికాను. మీరు ఆ రిమోటు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేసరికి అది తీగ మీద తడిగా ఉంది. దాని పక్క నుంచే లోపలికి వచ్చారు. మీ తలకు తగిలింది."

ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. గేటులోంచి పరిగెత్తుతున్న మనిషి ఒంటి మీద చొక్కా నీలంగానే ఉంది. ఎంతసేపు చూసినా నీలంగానే ఉంది. దాని కింద ఇంకో రంగు కోసం వెతికాడు. దొరకలేదు.

"మళ్లీ చెప్పండి," అంది ఆమె. నేల మీద కూర్చుంది. "మొదట్నుంచి."